పైపు వేసేముందు

చిట్టితల్లికి,

ఏటి ఒడ్డున, బొగ్గు నుంచి గ్యాస్ తీసి తారు మిగిల్చి మూతబడిన ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లూ దుకాణాలూ ఆఫీసులూ కలిసిన పేట కట్టే పని నీ చేతికొచ్చిందని మీ నాన్న చెప్పాడు. గర్వంతో గుండె నిండింది. దాంతోపాటే బెంగా పట్టుకుంది. నువ్వు పంపిన ప్లానులో చెట్లున్నాయి, సైకిల్ బాట ఉంది, ఒడ్డు పొడవునా నడకదారి ఉంది. నేల కింద ఏముందో చెప్పే కాగితం ఒక్కటీ లేదేమమ్మా?

వరద మట్టానికి పైనే పడకగదులు ఉండాలి. కింది అంతస్తు ఎత్తు 4 మీటర్లకు తగ్గనివ్వకు, ఇవాళ్టి దుకాణం రేపు క్లినిక్ కావాల్సి రావచ్చు. గట్టిగా ఉన్న పాత ఇటుక షెడ్లను కూల్చకు. ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియదేమోనని నా భయమంతా నీళ్ల పైపుల గురించి.

నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్‌కు తూర్పున, లెక్ నది పక్కన లెక్కర్‌కెర్క్ అనే ఊరుంది. 1970ల్లో అక్కడ కొత్త ఇళ్లు లేచాయి. అంతకుముందు ఆ పొలాల మధ్య కాలవలుండేవి. వాటిని చెత్తాచెదారంతో పూడ్చారు, ఆ చెత్తలో కర్మాగారాల రసాయనాల పీపాలూ పడ్డాయి. పైన ఇసుక పరిచి ఇళ్లు కట్టేశారు. చూడటానికి ముచ్చటైన వీధులు. కొన్నాళ్లకు తాగునీటి పైపు పగిలింది. తవ్వి చూస్తే టొలుయీన్, జైలీన్ లాంటి ద్రావకాలు ప్లాస్టిక్ పైపును తినేశాయని తేలింది. 1980లో దాదాపు 270 ఇళ్లవాళ్లను ఖాళీ చేయించారు. నేలలోంచి 1600కు పైగా పీపాలు తీశారు. పాత నక్షా, కొత్త ప్లానూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసినవాళ్లు ఒక్కరున్నా, ఏ ఇంటి కింద ఏ కాలవ ఉందో కళ్లకు కట్టేది. ఆ తల్లులు పిల్లలకు పట్టిన నీళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవుతుంది.

ఎందుకలా అవుతుందో గుర్తుపెట్టుకో. టొలుయీన్ లాంటి బెంజీన్ జాతి రసాయనాలు లోపలికి రావడానికి పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పైపుకు చిల్లు అక్కర్లేదు, గోడలోంచే ఊరతాయి. అందుకే తాగునీటికి నడుమ అల్యూమినియం పొర ఉన్న పైపే వాడు, జాయింట్లూ ఆ రకానివే కావాలి. రెండోది, పైపు కింద పరిచే కంకర. అది కాలవలా పనిచేసి తారునీళ్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు మోసుకుపోతుంది. కందకాన్ని అవసరమైనదానికన్నా వెడల్పుగా తవ్వించి, జియోటెక్స్‌టైల్ అనే గట్టి గుడ్డ పరిచి, శుభ్రమైన మట్టితో నింపించు. భవనంలోకి వెళ్లేచోటా, స్థలం హద్దు దగ్గరా బంకమట్టి అడ్డుకట్ట వేయించు. పైపులన్నీ ఒకే దారిలో పోతే, తర్వాత మరమ్మతుకు తవ్వేవాడు మురికి మట్టిని ముట్టుకోడు.

మట్టి పరీక్షలకు స్థలాన్ని 20, 25 మీటర్ల గళ్లుగా విడదీసి గడికో నమూనా తీస్తే సరిపోతుందని ఎవరైనా అంటే సరేనని ఊరుకోకు. తారు గుంతలు, గ్యాస్ ట్యాంకుల పునాదులు, గ్యాస్‌ను శుద్ధి చేసిన షెడ్డు ఉన్నచోట గళ్లు దగ్గర చెయ్యి. నీలంరంగు మట్టి కనిపిస్తే అది సయనైడ్ కలిసిన పాత శుద్ధి పదార్థం, దాన్ని విడిగా తీయించు. ఊటనీటిని ఒక్కసారి చూసి తీర్పు చెప్పకు. ఏరు నిండినప్పుడూ తగ్గినప్పుడూ ఆ నీళ్లు ఎటు నడుస్తాయో మారుతుంది, అందుకే ఏడాది పొడవునా పరీక్ష కోసం తవ్విన బావుల్లో నమూనాలు తీయించు.

పునాది కోసం నేలలోకి లోతుగా దించే స్తంభాలు, అంటే పైల్స్, కింది బంకమట్టి పొరను చీల్చుకుపోతే, మురికి లోతు నీటిదాకా దిగడానికి మనమే నిచ్చెన వేసినట్టు. ఏ రకం పైల్ వెయ్యాలో మట్టి నివేదిక చూశాకే తేల్చు. వాననీటి తోటలంటే నీకిష్టమని తెలుసు తల్లీ, కానీ మురికి మట్టి మీద నీళ్లను ఇంకనివ్వకూడదు. అడుగున నీరు దిగని పొర వేసి, నీటిని పైనుంచే ఏటికి పంపు.

తోటల్లో కనీసం 600 మిల్లీమీటర్ల శుభ్రమైన మట్టి కావాలి. దాని అడుగున నారింజరంగు వల పరిస్తే, గునపం పట్టినవాడు అక్కడ ఆగుతాడు. బయటినుంచి వచ్చే ప్రతి లారీ మట్టికీ పరీక్ష కాగితం అడుగు, సిగ్గుపడకు. ఇళ్ల నేల కింద రసాయనాల ఆవిరిని ఆపే పొర వేశాక దాన్ని చింపేది ఎక్కువగా కరెంటు, ప్లంబింగ్ పనివాళ్లే. కాంక్రీటు పోసేముందు పొర కింద పొగ వదిలి ఎక్కడ కారుతుందో నువ్వే నిలబడి చూడు.

కోప్పడ్డాననుకోకు. పాత ఫ్యాక్టరీ నక్షాలు దొరికాక, గుంతలున్నచోట ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టి నాకొక కాపీ పంపించు. పొద్దుపోయిందని చూడకుండా ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న