బెంచ్ మీద కూర్చున్న అమ్మాయి కాలేజీ మారితే తప్పా?

ఈసారి ఉత్తరాల్లో సగం అమెరికా కాలేజీల్లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ గురించే, అందులోనూ ఆడే అవకాశం కోసం కాలేజీ మారడం గురించే వచ్చాయి. అందుకే ఈ వారం వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండి. మా అమ్మాయి డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) కాలేజీలో స్కాలర్‌షిప్ మీద ఆడుతోంది, రెండో ఏడాది అయిపోవచ్చింది. మ్యాచ్ తేలిపోయాక చివర్లో మూడు నాలుగు నిమిషాలు దింపుతారు, కొన్నిసార్లు అదీ లేదు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ పేర్లు ఎక్కించే జాబితా) పేరు వేస్తానంటోంది. వాళ్ళ నాన్నేమో "కాస్త ఓపిక పట్టలేవా, కష్టం రాగానే పారిపోతావా" అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరి వైపు మాట్లాడాలో తెలీట్లేదు. – ఒక అమ్మ

జవాబు: అమ్మా, ముందు ఒక చిన్న లెక్క చూడండి, ఇది చూశాక వాళ్ళ నాన్నగారి కోపం కొంచెం తగ్గుతుందనుకుంటున్నా. మ్యాచ్ అంటే 40 నిమిషాలు, కోర్టులో ఒక్కసారి ఐదుగురు, అంటే టీమ్ మొత్తానికి పంచడానికి ఉన్నది 200 నిమిషాలు. టీమ్‌లో 15 మంది దాకా ఉంటారు. గట్టి మ్యాచ్‌ల్లో కోచ్‌లు ఎనిమిది తొమ్మిది మందిని మించి వాడరు. మిగతా పిల్లలు ఎంత బాగా ఆడేవాళ్ళైనా కూర్చోవాల్సిందే. వాళ్ళల్లో చాలామంది హైస్కూల్లో టీమ్ మొత్తాన్ని మోసినవాళ్ళు, చిన్నప్పట్నుంచి ఎప్పుడూ బెంచ్ ఎక్కనివాళ్ళు. మీ అమ్మాయి కూర్చోవాల్సి రావడం ఆమె చేతకానితనం కాదు, బయటికి రావాలనుకోవడం పారిపోవడమూ కాదు. మామూలుగా ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడొచ్చు, అంతే. పోయిన సీజన్ మళ్ళీ రాదు.

లారెన్ బెట్స్ సంగతే చూడండి. 2022లో హైస్కూల్ నుంచి వచ్చిన అమ్మాయిల్లో నంబర్ వన్ అనిపించుకుని స్టాన్‌ఫర్డ్‌లో చేరింది, 6 అడుగుల 7 అంగుళాల సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడవాటి ప్లేయర్). మొదటి ఏడాది సగటున మ్యాచ్‌కి పది నిమిషాలు కూడా ఆడలేదు, ఎందుకంటే అక్కడ బాస్కెట్ దగ్గర ఆడటానికి అప్పటికే కామెరాన్ బ్రింక్ ఉంది, ఆమెకి ఇంకో ఏడాది మిగిలుంది కూడా. బెట్స్ 2023లో యూసీఎల్‌ఏకి వెళ్ళిపోయింది. 2025కి ఆ టీమ్‌ని ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీఫైనల్స్‌కి, తీసుకెళ్ళినవాళ్ళల్లో ఆమే ముందుంది, ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) టోర్నమెంట్‌లో యూసీఎల్‌ఏ అమ్మాయిలు అంతదూరం వెళ్ళడం అదే మొదటిసారి. ఆ అమ్మాయికి ఓపిక లేదని ఎవరైనా అనగలరా?

అలాగని నాన్నగారి మాట కొట్టిపారేయను. కమిల్లా కార్డోసో సిరక్యూస్‌లో మొదటి ఏడాదే స్టార్ అయింది, 2021లో సౌత్ కరోలినాకి మారింది, మారాక రెండేళ్ళు ఎక్కువగా బెంచ్ మీంచే వచ్చి ఆడింది! అలియా బోస్టన్ వెనకాల. 2023లో బోస్టన్ డబ్ల్యూఎన్‌బీఏకి (అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్) వెళ్ళాక కార్డోసో వంతు వచ్చింది, 2024లో టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 38-0తో ఛాంపియన్ అయితే ఫైనల్ ఫోర్‌లో బెస్ట్ ప్లేయర్ ఆమే, తర్వాత ఆ లీగ్ టీమ్‌లు కొత్త ప్లేయర్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో పిక్. అదే టీమ్‌లో రేవెన్ జాన్సన్ కూడా మొదటి ఏడాది మోకాలు దెబ్బతిని, రెండో ఏడాది ఎక్కువగా బెంచ్ మీంచి ఆడి, ఆ తర్వాతే స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలో ఒకరు) అయింది. ఎక్కడికీ పోలేదు.

మరి ఎవరిది రైటు అంటే, చూడాల్సింది ఓపిక ఉందా లేదా అని కాదండి. మీ అమ్మాయి పొజిషన్లో ఆమె ముందు ఎవరున్నారు, వాళ్ళు ఏ ఇయర్, వాళ్ళు వెళ్ళేసరికి మీ అమ్మాయికి ఎన్ని సీజన్లు మిగుల్తాయి, ఇది చూడాలి. ఇంకోటి, నాన్నగారికి ఇది తప్పకుండా చెప్పండి. ఆయన మనసులో ఉన్న పద్ధతి పాతది: సీనియర్లు వెళ్తారు, జూనియర్ల వంతు వస్తుంది. ఇప్పుడు ఆ వరస గ్యారెంటీ లేదు. సీనియర్ వెళ్ళిన చోటుకి కోచ్ పోర్టల్ నుంచే ఇరవై రెండేళ్ళ అమ్మాయిని, వేరే కాలేజీలో మూడేళ్ళు ఆడి ఆరితేరినదాన్ని, నేరుగా తెచ్చుకోవచ్చు. రెండేళ్ళు ఓపిగ్గా కూర్చున్న మన పిల్ల మళ్ళీ ఆమె వెనక్కే. అందుకే ఈ తరం పిల్లలు ఎదురుచూడటానికి భయపడుతున్నారు, ఆ భయం నిజమైనదే.

ఒక్కటి మాత్రం చేయనివ్వద్దు, కోచ్‌తో మాట్లాడకుండా పేరు వేయడం. పేరు వేస్తున్నట్టు చెప్పాక ఆ టర్మ్ అయిపోగానే స్కాలర్‌షిప్ ఆపేసే హక్కు కాలేజీకి ఉంటుంది. ఓడిపోయిన రాత్రి ఏడుస్తూ తీసుకునే నిర్ణయం కాదిది.

ప్రశ్న: అక్కా, నేను ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది), గార్డ్‌గా (బాల్ నడిపించే పొజిషన్) ఆడతాను. సీజన్ అయ్యాక కోచ్‌తో మీటింగ్ ఉంటుంది. నాకెందుకు ఛాన్స్ ఇవ్వట్లేదు అని అడగాలని ఉంది కానీ అడిగితే నా మీద ఇంకా కోపం పెట్టుకుంటారేమో అని భయం. అమ్మానాన్నలతో ఫోన్ చేయించనా?

జవాబు: వద్దమ్మా, ఫోన్ చేయించొద్దు. నువ్వే వెళ్ళు. పేరెంట్స్ ఫోన్ చేస్తే మాట నీ ఆట మీంచి పక్కకి పోయి వాళ్ళ బాధ మీదకి వెళ్తుంది, నీకు కావాల్సిన సమాచారం రాదు.

"నన్నెందుకు ఆడించలేదు" అని అడిగితే కోచ్ అయిపోయిన సీజన్‌ని సమర్థించుకోవడంలో పడతారు. దాని బదులు "వచ్చే ఏడాది నేను మ్యాచ్‌కి పదిహేను నిమిషాలు ఆడాలంటే నాలో ఏం మారాలి" అని అడుగు. తర్వాత, ఇది అడగడానికి చాలామంది మొహమాటపడతారు, "నా పొజిషన్‌కి వచ్చే ఏడాది ఇంకెవర్ని తెస్తున్నారు" అని సూటిగా అడుగు. ఇది నీ చదువు, నీ సీజన్, అడిగే హక్కు నీకుంది.

జవాబు ఎలా వచ్చిందో జాగ్రత్తగా విను. "బాల్ స్క్రీన్ (బాల్ ఉన్నవాళ్ళ కోసం తోటి ప్లేయర్ అడ్డు నిలబడే ఎత్తుగడ) దగ్గర ఆలస్యంగా కదుల్తున్నావు, ఎడమ చేత్తో డ్రిబుల్ చేసేటప్పుడు బాల్ పోగొడుతున్నావు, రా, వీడియోలో చూపిస్తా" అని అంటే, తల్లీ, అక్కడ ఆశ ఉంది, నిన్ను ఆ కోచ్ గమనిస్తున్నారు. విన్నప్పుడు మనసు కష్టపడుతుంది కానీ అది మంచి జవాబు. "కష్టపడుతూ ఉండు, నీ టైమ్ వస్తుంది" అని నవ్వి పంపేస్తే మాత్రం ఆలోచించు. అసిస్టెంట్ కోచ్‌లని కూడా విడిగా అడుగు, ప్రాక్టీస్‌లో నిన్ను దగ్గర్నుంచి చూసేది వాళ్ళే, హెడ్ కోచ్ చెప్పని మాట ఒక్కోసారి వాళ్ళు చెప్తారు.

కోపం పెట్టుకుంటారేమో అన్నావు కదా. మర్యాదగా అడిగిన ఆ ప్రశ్నకే కోపం పెట్టుకునే కోచ్ అయితే, ఆ సంగతి ఫ్రెష్‌మన్‌గా ఉన్నప్పుడే తెలియడం నీకే మంచిది.

ప్రశ్న: సార్/మేడమ్, నేను సౌత్ కరోలినా ఫ్యాన్‌ని. మిలేషియా ఫుల్‌వైలీ 2025లో మా టీమ్ వదిలి ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) వెళ్ళిపోయినప్పట్నుంచి మనసు విరిగిపోయింది. సొంత ఊరి పిల్ల, టైటిల్ గెలిచింది, అంత ప్రేమించాం. అదే కాన్ఫరెన్స్‌లో (ఏటా ఒకరితో ఒకరు ఆడే కాలేజీల గుంపు) ప్రత్యర్థి దగ్గరికి వెళ్తుందా? ఈ కాలం ఆటగాళ్ళకి విశ్వాసం అనేదే లేదా?

జవాబు: మీ బాధ అర్థమైంది, అంత ఇష్టపడ్డ ప్లేయర్ ఎదుటి టీమ్ జెర్సీలో కనబడితే కష్టంగానే ఉంటుంది. కానీ ఒక్కసారి ఆమె వైపు నుంచి చూడండి. 2024-25లో ఆ అమ్మాయి మీ కాన్ఫరెన్స్ ఎస్‌ఈసీలో బెంచ్ మీంచి వచ్చి ఆడేవాళ్ళల్లో ఉత్తమ ప్లేయర్ అవార్డు తెచ్చుకుంది, అంటే అంత బాగా ఆడీ స్టార్టర్ కాదు, సగటున మ్యాచ్‌లో సగం కూడా కోర్టు మీద లేదు. ఆమె మనసులో ఏముందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఆ వయసులో అంత టాలెంట్ ఉన్న మనిషి ఇంకొన్ని నిమిషాలు, ఇంకాస్త పెద్ద పాత్ర కోరుకోవడం మాత్రం నాకు ఏ రకంగానూ ద్రోహంలా కనబడదు.

విశ్వాసం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, ఇదివరకు ఉన్నది విశ్వాసం కన్నా ఎక్కువగా రూలు. వేరే కాలేజీ వాళ్ళతో మాట్లాడాలన్నా తన కాలేజీ పర్మిషన్ ఇవ్వాలి, వెళ్ళాక మామూలుగా ఒక ఏడాది ఆడకుండా ఖాళీగా కూర్చోవాలి. 2018 అక్టోబర్‌లో పోర్టల్ వచ్చింది, పర్మిషన్ బాధ పోయింది, అమ్మాయి రాతపూర్వకంగా చెప్తే కాలేజీ రెండు పనిదినాల్లో పేరు ఎక్కించాల్సిందే. 2021లో ఒకసారి మారితే వెంటనే ఆడొచ్చన్నారు. కోర్టు కేసుల తర్వాత 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చని తేల్చారు. ఇన్నేళ్ళూ కోచ్‌లు మాత్రం ఒక టీమ్ వదిలి ఇంకో టీమ్‌కి వెళ్తూనే ఉన్నారు, వాళ్ళనెవరూ ఏడాది ఖాళీగా కూర్చోమనలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల వెళ్తేనే మనకి విశ్వాసం గుర్తుకు రావడం న్యాయం కాదండి.

ఒప్పుకుంటా, దీనికి నష్టపోయేవాళ్ళు కూడా ఉన్నారు. 2024లో ఒరెగాన్ స్టేట్ ఎలీట్ ఎయిట్ (చివరి ఎనిమిది టీమ్‌లు) దాకా వెళ్ళింది, ఆ వెంటనే చాలా కాలేజీలు వదిలి వెళ్ళి, వాళ్ళ పాక్-12 కాన్ఫరెన్స్ చెదిరిపోవడంతో రేగన్ బియర్స్ ఓక్లహోమాకి, టిమియా గార్డినర్ యూసీఎల్‌ఏకి, ఇలా టీమ్ టీమే కరిగిపోయింది. ఆ ఊళ్ళో టికెట్ కొనుక్కుని చూసే వాళ్ళకి అది చాలా పెద్ద దెబ్బ. కానీ అక్కడ కాన్ఫరెన్స్‌ని చెదరగొట్టింది పిల్లలు కాదు కదా.

ప్రశ్న: మా చెల్లి చిన్న కాన్ఫరెన్స్‌లో ఆడుతుంది, మ్యాచ్‌కి 34 నిమిషాలు, టీమ్‌లో టాప్ స్కోరర్. పోర్టల్లో వేస్తే పెద్ద కాలేజీలు తీసుకుంటాయని అందరూ అంటున్నారు. వెళ్ళమనాలా?

జవాబు: మీ చెల్లి దగ్గర ఇప్పుడున్నదే మిగతావాళ్ళు వెతుక్కుంటున్నారు! పైకి వెళ్తే పేరు, టీవీ, బహుశా ఎన్‌ఐఎల్ డబ్బులు (తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఆటగాళ్ళకి వచ్చేవి) కూడా పెరగొచ్చు, నిమిషాలు మాత్రం తగ్గే అవకాశమే ఎక్కువ. బాగా కుదిరినవాళ్ళూ ఉన్నారు. ప్రిన్స్‌టన్ పాయింట్ గార్డ్ కేట్లిన్ చెన్, ప్రిన్స్‌టన్ ఉన్న ఐవీ లీగ్ కాన్ఫరెన్స్‌లో డిగ్రీ అయ్యాక ఆడనివ్వరు కాబట్టి ఆఖరి ఏడాదికి యూకాన్‌కి (కనెక్టికట్ యూనివర్సిటీ) వెళ్ళి, స్టార్టర్‌గా 2025 ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ టీమ్‌లో ఆమె చేసే పనికి చోటు ఖాళీ ఉంది, అదీ సంగతి.

కాబట్టి పిలిచిన కోచ్ "నువ్వంటే మాకు చాలా ఇష్టం" అంటే ఆ మాట దగ్గర ఆగిపోవద్దు. ఈ పొజిషన్లో ఇప్పుడు ఎవరున్నారు, నా తర్వాత ఇంకెవరికి ఫోన్ చేస్తున్నారు, పోయిన ఏడాది పోర్టల్ నుంచి తెచ్చినవాళ్ళు ఎన్ని నిమిషాలు ఆడారు, ఇవి అడగమనండి. ఆ చివరిది ఎవరైనా పాత బాక్స్ స్కోర్లు (ఒక్కో ప్లేయర్ లెక్కలుండే మ్యాచ్ పట్టికలు) చూసి తెలుసుకోవచ్చు, కోచ్ మాట కన్నా అదే నమ్మకం. పోర్టల్లో పేరు పడకముందే వేరే కాలేజీ కోచ్ ఫోన్ చేస్తే అది రూల్‌కి విరుద్ధం, మధ్యలో మనుషుల్ని పెట్టి కబురు పంపినా అంతే.

క్రెడిట్స్ (పూర్తిచేసిన కోర్సుల లెక్క) సంగతి కూడా ముందే తేల్చుకోండి. దీన్ని పట్టించుకోక ఇబ్బంది పడతారు. ఆడాలంటే రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగుకి 80 పూర్తి కావాలి, కొత్త కాలేజీ పాత క్రెడిట్స్ కొన్ని ఒప్పుకోకపోతే ఆ లెక్క తప్పుతుంది. ఏ మేజర్‌లోకి ఎన్ని క్రెడిట్స్ వస్తాయో సంతకం పెట్టకముందే రాతపూర్వకంగా తీసుకోమనండి.

నన్నడిగితే, టీమ్ ఆమె చుట్టూ ఆడుతోంది, కోచ్ మంచివాడు, చదువు బాగుంది అంటే ఇంకో ఏడాది అక్కడే ఆడమంటా.

ప్రశ్న: పోర్టల్లో పేరు వేశాక ఎవరూ పిలవకపోతే? వెనక్కి రావచ్చా?

జవాబు: పేరు వెనక్కి తీసుకోవచ్చు, కానీ పాత కాలేజీ మళ్ళీ చోటు ఇవ్వాలని ఏమీ లేదు. ఈపాటికే ఆ స్కాలర్‌షిప్ ఇంకొకరికి ఇచ్చేసి ఉండొచ్చు. ఏటా డివిజన్ వన్ అమ్మాయిలే వెయ్యి మందికి పైగా పోర్టల్లోకి వస్తున్నారు, వాళ్ళకి తోడు హైస్కూల్ నుంచి కొత్తవాళ్ళు. 2025లో హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) సెటిల్‌మెంట్ ఆమోదం పొందాక, అందులో చేరిన కాలేజీల్లో అమ్మాయిల టీమ్‌కి 15 మందే గరిష్ఠం, పదహారో మనిషిగా వాక్-ఆన్‌లా (స్కాలర్‌షిప్ లేకుండా) ఉండే దారి కూడా అక్కడ మూసుకుపోయింది.

డివిజన్ టూని మాత్రం చిన్నచూపు చూడొద్దు. స్కాలర్‌షిప్‌లు తక్కువ, ఒక్కో టీమ్‌కి మొత్తం కలిపి పది ఫుల్ స్కాలర్‌షిప్‌లకి సమానమైనంతే, వాటినే ముక్కలు చేసి పంచుతారు. కానీ రోజూ ఆడతారు, డిగ్రీ వస్తుంది. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువుని బట్టీ ఇంటి ఆదాయాన్ని బట్టీ సాయం ఉంటుంది. పేరు వేసే ముందే, పెద్ద కాలేజీ ఏదీ పిలవకపోతే వీటిల్లో దేనికి వెళ్ళడానికి సిద్ధమో అమ్మాయి తనకి తాను చెప్పుకోగలగాలి. దేనికీ సిద్ధం కాదంటే ఈ ఏడాది పేరు వేయొద్దు.