అతను నౌకరే

చిరంజీవి శ్రావణికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఎక్కడా ఆగలేదు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్స్‌లో ముఖం దాచి జైల్లో ఉంచిన ఆ ఇనప ముసుగు ఖైదీ మీద రాయాలని నీకు అనిపించడం చాలా సంతోషం. ఇరవై ఏళ్ల వయసులో ఆ కథ నన్నూ నిద్రపోనివ్వలేదు. కానీ నువ్వు మొదటి వాక్యంలోనే అతను ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి కవల సోదరుడని తేల్చేశావు. నా పెన్సిల్ అక్కడే ఆగిపోయింది.

ఆ తప్పు నేనూ చేశాను. నా తొలి వ్యాసాల్లో ఒకటి సరిగ్గా ఈ కవల కథే. ఒక వారపత్రిక అచ్చు వేసింది. నెల తిరక్కముందే ఒక చరిత్ర మాస్టారి దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. "ఇది నవలలోది కదా బాబూ, కాగితాలు చూశావా?" అని అందులో రెండే ముక్కలు. చూడలేదు. ఆ సిగ్గుతోనే కాగితాల వైపు వెళ్లాను. అక్కడ దొరికిన కథ కవల కథకన్నా నన్ను ఎక్కువ కలచివేసింది.

1669 జూలై 19న ఫ్రాన్స్ యుద్ధ మంత్రి లూవ్వా, పిన్యెరోల్ కోట జైలు అధికారి సాన్ మార్‌కి ఒక ఉత్తరం రాశాడు. ఖైదీ ఒకడు వస్తున్నాడు, గది సిద్ధం చెయ్యి అన్నాడు. లోపలి మాట బయటి కాపలావాళ్లకి వినపడకుండా ఒక తలుపు వెనక ఇంకో తలుపు ఉండాలి. రోజుకి ఒక్కసారి నువ్వే స్వయంగా తిండి తీసుకెళ్లాలి. తన అవసరాలు తప్ప ఇంకే మాట ఎత్తినా చంపేస్తానని అతనికి చెప్పాలి. గదిలో సామాను మాత్రం పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే అతను నౌకరే. ఖైదీ పేరు యూస్తాష్ దోజే.

"అతను నౌకరే" అన్న ఆ మాట దగ్గర కాసేపు కూర్చో. మూడు వందల ఏళ్లుగా జనం ఆ మాటని దాటేసి రాజకుమారుడి కోసం వెతుకుతున్నారు. 1751లో ఫ్రెంచి రచయిత వోల్తేర్ ఆ ముసుగుకి గడ్డం దగ్గర ఉక్కు స్ప్రింగులు పెట్టాడు, 1771 నాటికి ఖైదీని రాజుకి అన్నని చేశాడు. 1840ల చివర్లో డ్యూమా నవలలో ఆ అన్న కవల తమ్ముడయ్యాడు. కానీ 1698 సెప్టెంబర్ 18న ఖైదీ పారిస్‌లోని బాస్టీల్ జైలుకి వచ్చిన సంగతి అక్కడి అధికారి దు జుంకా తన పుస్తకంలో రాసుకున్నాడు. ముసుగు ఉన్న మాట నిజమే. అయితే అది నల్ల వెల్వెట్ గుడ్డ.

ఏ సిద్ధాంతాన్నైనా ఒప్పుకునే ముందు దాన్ని తేదీల పక్కన పెట్టి చూడు. నువ్వు రాసిన మాత్తియోలినే తీసుకో. మాంటువా డ్యూక్ దగ్గర మంత్రిగా పనిచేసిన అతన్ని 1679లో ఫ్రెంచివాళ్లు ఎత్తుకెళ్లిన మాట నిజం. 1703లో ఖైదీని పాతిపెట్టినప్పుడు చర్చి రిజిస్టర్లో రాసిన "మార్షియోలీ" అన్న పేరు అతని పేరుకి దగ్గరగానే ఉంది. కానీ 1681లో సాన్ మార్ తన ముఖ్యమైన ఖైదీలిద్దరినీ వెంటబెట్టుకుని ఎగ్జీల్ కోటకి మారినప్పుడు మాత్తియోలి పిన్యెరోల్‌లోనే ఉండిపోయాడు. పైగా ఆ రిజిస్టర్ ఖైదీ వయసు సుమారు 45 అంటోంది. లెక్క వేసి చూడు, అదే నిజమైతే 1669లో అతను పదకొండేళ్ల పిల్లాడు. అలాంటి రిజిస్టర్లో పేరును మాత్రం ఎలా నమ్మాలి?

బ్యూలోంద్ అనే సేనాని కథ నీలాంటి వాళ్లకి మరీ అవసరం. 1890లలో బజెరీ అనే సైనికాధికారి లూయీ కాలపు అంకెల రహస్య లిపిని ఛేదించాడు. అది చాలా గొప్ప పని. కూనియో ముట్టడిని వదిలేసి వెనక్కొచ్చినందుకు బ్యూలోంద్‌ని బంధించమన్న 1691 నాటి ఆజ్ఞ అందులో బయటపడింది. అయితే అర్థం తెలియని ఒక అంకె దగ్గర బజెరీ "ముసుగు" అని తనే పూరించుకుని, ముసుగు ఖైదీ బ్యూలోందే అన్నాడు. 1669లో జైలుకెళ్లినవాడికి 1691 నాటి నేరం ఎలా అంటుతుంది? కథ రాసేవాళ్లందరికీ అలాంటి ఖాళీ ఎదురవుతుంది శ్రావణీ. అక్కడ మనకి కావలసిన మాట రాసెయ్యాలని చెయ్యి లాగుతుంది. ఖాళీని ఖాళీగానే వదిలెయ్.

ఇంకో సంగతి. 1675 నుంచి దోజేని అదే కోటలో ఖైదీగా ఉన్న పాత ఆర్థికమంత్రి ఫూకేకి నౌకరుగా పెట్టారు. ఫూకే ఏళ్ల తరబడి దర్బారులో తిరిగిన మనిషి. రాజు పోలికలున్న ముఖాన్ని దాచాలనుకున్నవాళ్లు రోజూ అతని ముందుకే పంపుతారా? దాచాలనుకున్నది ముఖాన్ని కాదు, అతనికి తెలిసిన ఏదో సంగతిని. 1678లో లూవ్వా నేరుగా ఫూకేకే రాసి, ఇక్కడికి రాకముందు తాను చేసిన పని గురించి ఆ నౌకరు నోరు విప్పాడా అని అడిగాడు. నేను నమ్మేది ఇదే: అతను ఏదో వినకూడనిది విన్న, చూడకూడనిది చూసిన పనివాడు.

ఫూకే 1680 మార్చిలో చనిపోయాడు. అప్పుడు అతని గదికీ, లోజన్ అనే మరో ఖైదీ గదికీ మధ్య కన్నం బయటపడింది. ఇద్దరు నౌకర్లనీ వదిలేశామని లోజన్‌కి చెప్పారు. నిజానికి ఆ ఇద్దరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేశారు. రెండోవాడి పేరు లా రివియేర్. అతని మీద ఏ నేరమూ లేదు, ఫూకేకి సేవ చేయడానికి వచ్చినవాడు. 1687లో అలా బందీగానే చనిపోయాడు. నీ వ్యాసంలో అతని పేరే లేదు. ఆ పేరు రాయి.

అదే ఏడాది దోజేని మైనపు గుడ్డ కప్పిన కుర్చీలో మోయించి సాంత్ మార్గరీత్ దీవికి తీసుకెళ్లారు. అతను ఫలానా డ్యూక్ అనీ, ఒకప్పటి ఇంగ్లండ్ పాలకుడు క్రామ్వెల్ కొడుకు అనీ ఈ చుట్టుపక్కల చెప్పుకుంటున్నారని సాన్ మార్ కొన్నాళ్లకి లూవ్వాకి రాశాడు. అంతకుముందు 1670లోనే, ఖైదీ గురించి ఆరా తీసేవాళ్లకి కట్టుకథలు చెబుతున్నానని కూడా రాశాడు. అంటే మనం ఇప్పటికీ చెప్పుకుంటున్న పుకార్లకి మొదట నీళ్లు పోసినవాడు జైలరే. గదిలో ఉన్నవాడు ఎంత గొప్పవాడైతే కాపలా కాసేవాడికి అంత పేరు.

1703 నవంబర్ 19న అతను చనిపోయాడు. జైల్లో ముప్ఫై నాలుగేళ్లు. నువ్వు పుట్టి ఎన్నేళ్లయిందో దానికన్నా ఎక్కువ.

మళ్లీ రాయి. లూవ్వా ఉత్తరంతో మొదలుపెట్టు. కవల కథ వద్దనను, దాన్ని కథగానే చెప్పు, ఎవరు ఏ ఏడాదిలో చెప్పారో పక్కనే రాయి. నీ మూడో పేజీలో "అతనితో రోజుకి ఒక్క మనిషి మాట్లాడేవాడు, ఆ మనిషికే అతను భయపడాలి" అని ఒక వాక్యం ఉంది. దాన్ని ముట్టుకోకు. వ్యాసం మొత్తంలో నువ్వు అతని పక్కన కూర్చున్నది అక్కడే.

పూర్తయ్యాక పంపు, ఎంత రాత్రయినా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు