ఐదుగురు సభ్యులు వచ్చేదాకా ఆగితే గడువు దాటుతుంది

ప్రశ్న: టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. తెనాలిలో ఉన్న నాన్నగారి ఖాతాకు ఒక యాప్‌లో 2,500 డాలర్లు పంపి ఐదు వారాలైంది. ఇంకా పడలేదు. కస్టమర్ కేర్‌ను ఎప్పుడు అడిగినా 'రెండు రోజుల్లో పడిపోతుంది' అంటారు. వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చేద్దామంటే, దాన్ని ఐదుగురు సభ్యుల కమిషన్‌గా మార్చే బిల్లు ఉందని, అది తేలేదాకా మన ఫిర్యాదు ఎవరూ చూడరని స్నేహితులు చెబుతున్నారు. ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. ఆ బిల్లు ఇవాళ్టిది కాదు. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం ఈ సంస్థకు ఐదేళ్ల పదవీకాలంతో ఒక్క డైరెక్టర్‌నే పెట్టింది. ఆయన స్థానంలో ఐదుగురిని, అందులో ఒకే పార్టీవాళ్లు ముగ్గురికి మించకుండా పెట్టాలన్న ప్రతిపాదన 2011లోనే ప్రతినిధుల సభ దాటి సెనేట్‌లో ఆగిపోయింది. తర్వాతా పేర్లు మార్చుకుని వస్తూనే ఉంది. ఈలోగా, డైరెక్టర్‌ను అధ్యక్షుడు కారణం చూపకుండానే తొలగించవచ్చని 2020లో సెయిలా లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 ఫిబ్రవరిలో అప్పటి డైరెక్టర్ రోహిత్ చోప్రాను అలాగే తప్పించారు. ఐదుగురుంటే నియమాలు ఒక్క సంతకంతో తలకిందులు కావన్న వాదనలో పస ఉంది. కానీ ఐదు కుర్చీల ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ)లో కూడా 2025 మార్చిలో ఇద్దరు డెమోక్రాట్ సభ్యులను తీసేశారుగా!

మీ డబ్బు సంగతికి వస్తే, ఏది చట్టంలో ఉంది, ఏది సంస్థ రాసుకున్న నియమంలో ఉంది అన్నదే ముఖ్యం. విదేశాలకు పంపిన సొమ్ములో పొరపాటు జరిగితే 180 రోజుల్లోపు చెప్పాలి, కంపెనీ 90 రోజుల్లో తేల్చాలి. ఈ రెండూ కాంగ్రెస్ చేసిన ఎలక్ట్రానిక్ ఫండ్ ట్రాన్స్‌ఫర్ చట్టంలోనే ఉన్నాయి. కుర్చీలో ఒకరున్నా ఐదుగురున్నా వీటిని మార్చలేరు. పంపిన 30 నిమిషాల్లోపు రద్దు చేసుకునే వీలు మాత్రం సంస్థ నియమం. ఏడాదికి ఎన్ని బదిలీలు దాటితే కంపెనీకి ఈ నియమాలు వర్తిస్తాయన్నదీ అంతే. దాన్ని 2020లో 100 నుంచి 500కు పెంచారు. నాయకత్వం మారితే కదిలేవి ఇలాంటివే.

ముందు రసీదు తీయండి. డబ్బు అందుతుందని అందులో ఏ తేదీ రాసి ఉందో 180 రోజులు ఆ తేదీ నుంచే లెక్క. మీరు టైప్ చేసిన ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సరిచూసుకోండి. నంబరు మీరే తప్పుగా ఇచ్చి ఉంటే, కంపెనీ ముందే హెచ్చరించి, తిరిగి రాబట్టే ప్రయత్నం కూడా చేసి ఉంటే, నియమాలు దాన్ని కంపెనీ పొరపాటుగా లెక్కించకపోవచ్చు. నంబరు సరిగ్గా ఉంటే ఆ తేదీ నుంచి ఇవాళ్టిదాకా నాన్నగారి ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించండి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఎన్నిసార్లు ఫోన్ చేసినా అది 'స్టేటస్ విచారణ'గానే నమోదవుతుంది. 'ఎర్రర్ క్లెయిమ్ వేస్తున్నాను' అని స్పష్టంగా అని కేసు నంబరు తీసుకోండి. అదే విషయం ఈమెయిల్‌లోనూ రాయండి: మీ పేరు, ఫోన్ నంబరు, నాన్నగారి పేరు, కన్ఫర్మేషన్ నంబరు, చెప్పిన తేదీకి డబ్బు అందలేదన్న మాట. సొమ్ము వాపసు కావాలో, అదనపు ఖర్చు లేకుండా మళ్లీ పంపాలో కూడా మీరే తేల్చి రాయండి. తప్పు కంపెనీదైతే ఆ ఎంపిక మీది, రుసుమూ వెనక్కి రావాలి.

క్లెయిమ్ వేశాక సీఎఫ్‌పీబీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ సంస్థ తీర్పు చెప్పదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. జవాబు మామూలుగా 15 రోజుల్లో, కొన్నిటికి 60 రోజుల్లో వస్తుంది. దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడకండి. టెక్సాస్‌లో డబ్బు పంపే కంపెనీలకు లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర బ్యాంకింగ్ శాఖ; అక్కడా ఫిర్యాదు చేయండి. లైసెన్సు ఇచ్చిన శాఖ వివరాలు మీ రసీదులోనే ఉంటాయి.

ఎక్కడా తేలకపోతే చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టు ఉంది, అక్కడ 20,000 డాలర్ల దాకా దావాలు తీసుకుంటారు. వెళ్లేముందు యాప్ షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) నిబంధన ఏమంటుందో చదవండి. ఎలక్ట్రానిక్ ఫండ్ ట్రాన్స్‌ఫర్ చట్టం కింద దావాకు గడువు ఉల్లంఘన జరిగిన నాటి నుంచి ఒక్క ఏడాదే.