స్లేట్‌ని నిలబెట్టి తెచ్చుకోండి, పడుకోబెట్టి కాదు

మీ ప్రశ్న ఇది: డాలస్ నుంచి హైదరాబాద్‌కి ఇల్లు మారుస్తున్నారు, ఎనిమిది అడుగుల పూల్ టేబుల్ ఉంది, లోపల మూడు ముక్కల స్లేట్, అంటే గుడ్డ కింద ఉండే రాతి పలక. ఇంటి సామానుతో పాటు 20 అడుగుల కంటైనర్‌లో వెయ్యొచ్చా, బరువు ఎలా ప్లాన్ చేసుకోవాలి అని అడిగారు. స్లేట్ అడుగున పరిచేసి పైన సోఫాలు పెడదామని ప్యాకర్లు అంటున్నారని కూడా రాశారు.

వెయ్యొచ్చు. బరువు గురించి టెన్షన్ పడకండి. ఆ ప్యాకర్లని మాత్రం మార్చండి.

విజయవాడ పటమటలో నాకు స్నూకర్ పార్లర్ ఉంది. ఎనిమిదేళ్ల కిందట చైనా నుంచి మూడు ఫుల్ సైజు టేబుళ్లు కంటైనర్‌లో చెన్నై పోర్టుకి తెప్పించుకున్నాను. అప్పుడు నేనూ మీలాగే బరువు లెక్కలతో నోట్‌బుక్ నింపేశాను. పన్నెండు అడుగుల టేబుల్‌కి ఐదు ముక్కల స్లేట్ ఉంటుంది. 45 మిల్లీమీటర్ల మందం, ఒక్కో ముక్క దాదాపు 175 కిలోలు. అంటే సెట్టు 870 కిలోల పైమాటే. మూడు సెట్లు, వాటి చెక్క ఫ్రేములు, కాళ్లు అన్నీ కలిపితే నాలుగు టన్నులు దాటింది. కంటైనర్ నేల కుంగిపోతుందేమో, పోర్టులో ఓవర్‌లోడ్ అంటారేమో అని రాత్రిళ్లు నిద్ర లేదు. తర్వాత తెలిసింది, 20 అడుగుల పెట్టె సుమారు 28 టన్నులు మోస్తుంది. నా నాలుగు టన్నులు దానికి దోమ కుట్టినట్టు. మీ మూడు ముక్కలు, అంగుళం మందంవి అయితే, అన్నీ కలిపి 220 కిలోల చుట్టూ ఉంటాయి. మీ ఇంట్లో పుస్తకాల డబ్బాలు అంతకన్నా ఎక్కువే తూగుతాయి.

నేను ఆలోచించాల్సింది స్లేట్ ఎంత బరువుందని కాదు, ఎలా కూర్చుందని. అది నాకు చెప్పిన మనిషి సరుకు రవాణా చూసే ఫ్రైట్ ఫార్వర్డర్ కాదు. ఆటోనగర్ దగ్గర ముఠా మేస్త్రి.

పగలు ట్రైలర్‌ని ఊళ్లోకి రానివ్వరు కాబట్టి రాత్రి పదకొండున్నరకి వచ్చింది. మా సందులోకి తిరగలేదు. మెయిన్ రోడ్డు మీదే ఆపి, ఎనిమిది మంది ముఠా కూలీలు, ఒక చిన్న ట్రక్కు పెట్టుకుని దించడం మొదలుపెట్టాం. సీల్ కోసి తలుపు తీయగానే తడి చెక్క వాసన గుప్పుమంది. లోపల చూస్తే, కాళ్లు, అంచు చెక్కల్లాంటి తేలిక సామానంతా తలుపు వైపు ఉంది. స్లేట్ పెట్టెలు మూడూ చివరి గోడకి ఆనించి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. రెండున్నర టన్నుల పైన బరువంతా ఒక్క మూలన! ట్రైలర్ డ్రైవరు అప్పటికే గొణుగుతున్నాడు, దారంతా బండి ముందుకే మొగ్గిందని.

అడుగు పెట్టె మూత తీశాం. ఐదు పలకలూ పడుకోబెట్టి, మధ్యలో తెల్ల ఫోమ్ షీట్లు వేసి ఉన్నాయి. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంది. కానీ కింద ఆధారమేంటి అంటే రెండే రెండు రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, ఆ చివరొకటి ఈ చివరొకటి. మధ్యలో ఆరడుగుల ఖాళీ. పై రెండు పెట్టెల బరువు కూడా సముద్రం పొడవునా ఆ ఖాళీ మీదే ఊగింది.

పైనున్న నాలుగు పలకలు తీశాం. అడుగున మిగిలింది మూడో నంబరు, అంటే మధ్య పాకెట్లకి రెండు చివర్లా గుంట కోసి ఉండే పలక. నేను సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను, గీత కూడా లేదు. "బానే ఉంది బాబాయ్, ఎత్తించు" అన్నాను. మేస్త్రి ఎత్తించలేదు. వంగి, వేలి కణుపుతో ఆ చివర ఒకసారి కొట్టాడు. పక్కనున్న నాలుగో నంబరు మీద ఒకసారి కొట్టాడు. అది ఖంగుమని మోగింది. ఇది బద్దమంది. సంతలో కుండ కొనేటప్పుడు కొట్టి చూస్తాం చూడండి, అచ్చం అలాగే.

"మోగట్లేదు బాబూ. ఇది పోయింది."

నేను నమ్మలేదు. బాటిల్‌లో నీళ్లు తీసుకుని పలక మీద చల్లి గుడ్డతో తుడిచాడు. రాయంతా ఆరిపోయింది. సరిగ్గా మధ్యలో వెంట్రుక మందం తడి గీత ఒకటి అడ్డంగా మిగిలిపోయింది. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. తర్వాత నలుగురు కలిసి దాన్ని అంచు మీదకి లేపుతుంటే టప్ అని రెండైంది, రోడ్డు మీద.

అప్పుడు మేస్త్రి అన్న మాట: "కడప బండల లారీ ఎప్పుడన్నా చూశారా బాబూ? ఒక్క బండన్నా పడుకుని వస్తదా? రాయి నిలబడి పయనం చెయ్యాల. పడుకోబెడితే దాని నడుం అదే విరగ్గొట్టుకుంటది."

చూశానండీ, చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. కడప బండలైనా తాండూరు బండలైనా లారీలో పుస్తకాల్లా వరసగా నిలబెట్టే వస్తాయి. నా బుర్రకి తట్టలేదంతే. స్లేట్ అనగానే అదేదో ఇటలీ నుంచి వచ్చే ఖరీదైన వస్తువు అనుకుంటాం. నిజమే, బిలియర్డ్స్‌కి పేరున్న స్లేట్ ఇటలీలో జెనోవా రేవు పక్కన లిగూరియా కొండల్లోంచి వస్తుంది. కానీ జాతి మాత్రం మన మార్కాపురం పలకల జాతే. పొరలు పొరలుగా చీలే రాయి. అరిచేతిలో పరిచి పట్టుకుని మధ్యలో నొక్కితే పలక పుటుక్కున విరుగుతుందని ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు. ఎగుమతి చేసేవాళ్లకి తెలియదు.

ఫుల్ సైజు టేబుల్‌కి స్లేట్ వేయడం మొదలై రెండొందల ఏళ్లయింది. లండన్‌లో జాన్ థర్‌స్టన్ 1826లో మొదలుపెట్టాడంటారు. స్నూకర్ ఆట పుట్టింది మన జబల్‌పూర్ సైనిక మెస్సులో, 1875లో. మన పాత క్లబ్బుల్లో బ్రిటిష్ కాలం టేబుళ్లు ఇప్పటికీ ఆడుతున్నారు. మొదటి కంటైనర్ ఓడ బయల్దేరింది 1956లో. మరి అంతకుముందు ఆ పలకలన్నీ ఓడల్లో, ఎడ్లబళ్లలో ఎలా వచ్చాయి? నిలబడే వచ్చాయి, పందెం.

ఇక ఇన్సూరెన్స్ కథ వినండి. ఆల్ రిస్క్ పాలసీ అన్నారు, ప్రీమియం కట్టాను. సర్వేయరు వచ్చాడు, రెండు రీపర్లు ఫొటో తీసుకున్నాడు, టీ తాగి వెళ్లాడు. ప్యాకింగ్ సరిపోలేదు కాబట్టి క్లెయిమ్ చెల్లదని ఉత్తరం వచ్చింది. పాలసీ తీసి చదివితే నిజంగానే అలా ఉంది. ఆల్ రిస్క్ అన్నా సరే, ప్యాకింగ్ లోపం దాని కిందకి రాదు. మీరు సంతకం పెట్టేముందు ఆ ఒక్క క్లాజు చదవండి. స్లేట్ క్రేటు లోపల ఎలా కట్టారో మూత వేయకముందు ఫొటోలు తీసుకోండి.

పోనీ ఆ ఒక్క ముక్కే తెప్పిద్దామంటే అదీ కుదరదు. ఐదూ కలిపి ఒకేసారి సాన పడతారు, పిన్నుల రంధ్రాలు ఒకదానికొకటి సరిపోయేలా వేస్తారు. వేరే సెట్టులోని మూడో నంబరు తెచ్చి పెడితే అతుకు దగ్గర బంతి గంతేస్తుంది. మొత్తం సెట్టు మళ్లీ కొన్నాను. ఈసారి ఒక్క పెట్టే కాబట్టి ఎల్‌సీఎల్‌లో, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి. దాంట్లో టన్ను, క్యూబిక్ మీటరు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ. స్లేట్ చిన్న పెట్టె, పెద్ద బరువు, కాబట్టి బరువు లెక్కే పడింది. ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, చూసి ఇంత చవకా అని మురిసిపోయాను. ఇక్కడ దిగాక డీఓ (డెలివరీ ఆర్డర్) చార్జీ, సీఎఫ్ఎస్ (కంటైనర్ విప్పే గోడౌన్) చార్జీ, హ్యాండ్లింగ్, డాక్యుమెంటేషన్ అని ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఫ్రైట్ కన్నా అవే ఎక్కువ. కొటేషన్ అడిగేటప్పుడు "ఇంటి గుమ్మం దాకా మొత్తం ఎంత" అని రాతలో అడగండి. నోటిమాట నమ్మితే నా గతే.

రెండోసారి మాత్రం నేనే బొమ్మ గీసి పంపించాను. మీకూ అదే చెప్తున్నా. పలకలు అంచు మీద నిలవాలి, పొడుగు అంచు కిందకి రావాలి. పలకకీ పలకకీ మధ్య ఫోమ్. రెండు వైపులా మందపాటి ప్లైవుడ్, కదలకుండా పట్టీలు. కింద దుంగలు కంటైనర్ పొడవు దిక్కుగా వేయించండి. నేల కింద ఇనుప కమ్ములు అడ్డంగా ఉంటాయి, పొడవు దుంగ వేస్తే బరువు నాలుగైదు కమ్ముల మీదకి పంచుకుంటుంది. నిలబెట్టిన రాయి బరువంతా సన్నటి అంచు మీద పడుతుంది కాబట్టి ఇది తప్పదు. క్రేటుని కంటైనర్ పొడవులో ఇంచుమించు మధ్యలో, పక్క గోడకి ఆనించి పెట్టించండి. ఎదురుగా ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, పుస్తకాలు. సగం పొడవులోనే 60 శాతం కన్నా ఎక్కువ బరువు పోగవకూడదని ప్యాకింగ్ నియమావళిలోనే ఉంది. నా మొదటి కంటైనర్‌లో ఆ నియమం ఎవరికీ పట్టలేదు.

తాళ్లతో కట్టారు కదా చాలు అనుకోకండి. పెద్ద సముద్రంలో ఓడ ఒరిగితే సరుకు తన బరువులో 80 శాతం దాకా పక్కకి తోస్తుందని లెక్క వేసి కడతారు. మీ 220 కిలోలకి అది 175 కిలోల తోపు, అదీ రోజుల తరబడి, అటొకసారి ఇటొకసారి. నేల దగ్గర ఉండే రింగులు ఒక్కోటి టన్ను లాగుడు తట్టుకునేవి, వాటికే బెల్టు వేయించండి. పక్క ఖాళీల్లో చెక్క దిమ్మలు బిగించాలి. పరుపులూ దిండ్లూ కుక్కితే సరిపోదు, అవి నెలరోజుల్లో అణిగిపోతాయి.

పడుకోబెట్టి కూడా భద్రంగా తేవచ్చు, కింద అంగుళం ఖాళీ లేకుండా మొత్తం ప్లైవుడ్ ఆధారం ఉంటే, పైన ఏమీ పెట్టకపోతే అని కొందరు వాదిస్తారు. కావచ్చు. కానీ "పైన ఏమీ పెట్టొద్దు" అని క్రేటు మీద రాస్తే మన దేశంలో గానీ టెక్సాస్‌లో గానీ పాటించే లోడరు ఉన్నాడా? ఖాళీగా చదునుగా కనిపించే పెట్టె మీద ఏదో ఒకటి పెట్టకుండా మనిషి ఉండలేడు. నా పార్లర్‌లో చూడండి, టేబుల్ అంచు మీద టీ గ్లాసులు పెట్టొద్దని మూడు బోర్డులు పెట్టాను. గ్లాసు మరకలు ఆ బోర్డుల కిందే ఉన్నాయి. నిలబెట్టిన పెట్టె మీద సోఫా ఎవడూ పెట్టలేడు, అదే దాని సుఖం.

మిగతావి చిన్నవే. క్రేటు చెక్క 56 డిగ్రీల్లో అరగంట వేడి చేసిందని గుర్తుగా గోధుమ కంకి ముద్ర ఉండాలి. ముద్ర లేని పచ్చి చెక్క చూస్తే ఇక్కడ ఆపేస్తారు. ప్లైవుడ్‌కి ఆ గొడవ లేదు. 2016 జూలై నుంచి కంటైనర్ మొత్తం బరువు తూచి రాసివ్వకపోతే ఓడ ఎక్కించరు, అది ప్యాకర్లే చూసుకుంటారు, మీ స్లేట్ బరువు మాత్రం దాచకుండా చెప్పండి. విప్పేముందు పలకల వెనక 1, 2, 3 అని రాసి, ఏ వైపు ఏది ఉందో బాణం గుర్తు వేసుకోండి. క్లాత్ తీసేయండి, మళ్లీ కొత్తది వేయించుకుందురు గానీ. టేబుల్‌ని విప్పకుండా పంపుదాం అనేవాడుంటే ఫోన్ పెట్టేయండి.

స్లేట్ ఎందుకు, అక్కడే అమ్మేసి హైదరాబాద్‌లో ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టు అదిమి చేసిన బోర్డు, టేబుల్ కొనుక్కోండని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. రెండు వానాకాలాలు గడిచాక ఆ టేబుల్ మీద బంతి పెట్టి చేయి తీసి చూడండి, దానికి ఇష్టమైన పాకెట్‌కి అదే నడిచి వెళ్తుంది.

విరిగిన మూడో నంబరులో ఒక సగం మా కౌంటర్ పక్కన గోడకి ఆనించి ఉంది. కుర్రాళ్లు దాని మీద సుద్దముక్కతో స్కోర్లు రాసుకుంటారు, ఎంతైనా పలక కదా. రెండో సగం మేస్త్రి అడిగి తీసుకెళ్లాడు, వాళ్లావిడ బట్టలుతుక్కోవడానికి. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళ్తే పెరట్లో కుళాయి కింద ఉంది, ఈసారి అడుగంతా ఇసుక పోసి పరిచాడు. దాని మీద పాకెట్ గుంట దగ్గర సబ్బు పెట్టుకుంటున్నారు.

మీ స్లేట్ ముక్కలకి వెనక చెక్క అతికించి ఉందా, ఉత్త రాయేనా? ఒక ఫొటో పెట్టండి, క్రేటు కొలతలు దాన్ని బట్టి చెప్తాను.