అది నా సబ్జెక్టు కాదు అనకు

చిట్టితల్లీ,

నీకు యూనివర్సిటీలో సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు సంతోషంతో నోట మాట రాలేదు. ఆ వెంటనే, "హిస్టరీ తీసుకుంటుందట అక్కా, ఇక లెక్కల పీడ వదిలిందని గంతులేస్తోంది" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రిజిస్ట్రేషన్ మొదలయ్యేలోపే నీకు అందాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నీకు తెలిసినవే గబగబా చెప్పేస్తాను. కేటలాగు మొత్తం చదువు, మీ డిపార్ట్‌మెంటు పేజీలతో ఆగిపోకు. ఫ్రెండ్స్ తీసుకున్నారని ఏ కోర్సూ తీసుకోకు. కోర్సు మానుకోవడానికి ఆఖరు తేదీ ఎప్పుడో రాసిపెట్టుకో.

పేరు చూసి మురిసిపోకుండా, వారం వారం నీతో ఏం చేయిస్తారో సిలబస్‌లో చూడు. చదివిస్తారా, రాయిస్తారా, లెక్కలు చేయిస్తారా, ల్యాబులో నిలబెడతారా? పుస్తకాలు పుస్తకాలుగా చదవాల్సిన కోర్సులన్నీ ఒకే సెమిస్టర్లో పెట్టుకుంటే ఏదీ వంటబట్టదు. యూరప్ క్రెడిట్ల పద్ధతిలో పూర్తి ఏడాది చదువుకి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. అంటే 5 క్రెడిట్ల కోర్సుకి తక్కువలో తక్కువ 125 గంటలు. అందులో క్లాసులో కూర్చునేది కొంతే, మిగతాదంతా నీ అంతట నువ్వు చదువుకోవాల్సిందే. మీ దగ్గర లెక్క వేరే రకంగా ఉండొచ్చు, అయినా టైంటేబుల్లో ఖాళీ కనిపించింది కదా అని ఇంకో కోర్సు ఇరికించకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మ నీకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పవే అంటే, "నావల్ల కాదు, నువ్వే రాయక్కా" అంది.

తనూ హిస్టరీయే చదివింది, నీకు తెలుసు. మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ కోర్సులో చేరి, రెండో క్లాసుకే బయటికి వచ్చేసింది. బోర్డు మీద గ్రీకు అక్షరాలు చూడగానే గుండె జారిపోయిందట. "మనం ఆర్ట్స్ వాళ్ళం, మనకెందుకు" అని పక్కన కూర్చున్న అమ్మాయి అనడం, తను లేచి రావడం. చివరి ఏడాది ప్రాజెక్టుకి 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలం నాటి మరణాల రిజిస్టర్లు దొరికాయి. పేరు, వయసు, తేదీ, కారణం, అన్నీ వరస తప్పకుండా రాసి ఉన్నాయి. ఎంత సంబరపడిందో! మామూలు ఫ్లూ పసిపిల్లల్నీ ముసలివాళ్ళనీ ఎక్కువగా తీసుకుపోతుంది. ఆ ఏడాది మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళు కూడా పెద్ద సంఖ్యలో పోయారు. తన రిజిస్టర్లలోనూ ఆ జాడ కనిపించింది. రూళ్ళ నోటుబుక్కులో వయసుల వారీగా గళ్ళు గీసి, ఒక్కో మరణానికి ఒక్కో గీత పెడుతూ రాత్రుళ్ళు కూర్చునేది.

గైడ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఈ తేడా నిజమైనదేనా, లేక ఈ కొన్ని పేజీల్లో యాదృచ్ఛికంగా పడిందా? ఎలా తేలుస్తావు?" తన దగ్గర జవాబు లేదు. దాన్ని తేల్చడం నేర్పే కోర్సు అదే క్యాంపస్‌లో ఉంది. కానీ అందులో చేరాలంటే మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ పాసై ఉండాలి. అప్పటికి వెనక్కి వెళ్ళి అది పూర్తిచేసే టైమూ లేదు. టాపిక్ మార్చుకుంది. మార్కులు బాగానే వచ్చాయి. ఆ రిజిస్టర్ల ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆ నోటుబుక్కు ఏమైందని నేనూ అడగలేకపోయాను.

నా భయమంతా అదే, తల్లీ. లెక్కల్లో ఫెయిలవుతావని కాదు. నీ మనసుకి నచ్చిన ప్రశ్న ఒకటి నీకు దొరికిన రోజున, దాన్ని పట్టుకునే పనిముట్టు నీ చేతిలో లేకుండా పోతుందని. ఒక కోర్సు చేస్తేగానీ ఇంకోదానికి రానివ్వనివి కొన్ని ఉంటాయి. గణితం, స్టాటిస్టిక్స్, భాషలు ముఖ్యంగా అలాంటివి. వాటిని మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టు. నవలల మీద సెమినార్ మూడో ఏడాదైనా చేసుకోవచ్చు.

ఆర్ట్స్, సైన్స్ అని మనం గీసుకున్న ఈ గీత అంత పాతదేం కాదు. మధ్యయుగంలో యూరప్ యూనివర్సిటీల్లో సంగీతాన్ని అంకగణితం, జ్యామితి, ఖగోళశాస్త్రంతో కలిపి చెప్పేవారు. అమెరికా శాస్త్రవేత్త క్లాడ్ షానన్ మిషిగన్ యూనివర్సిటీలో ఇంజనీరింగూ గణితమూ చదువుతూ ఒక ఫిలాసఫీ కోర్సు తీసుకున్నాడు. నిజం, అబద్ధాలను ఒకటి, సున్నాలుగా లెక్కగట్టే జార్జ్ బూల్ తర్కం అతనికి అక్కడ తెలిసింది. 1937లో ఎమ్ఐటీలో రాసిన మాస్టర్స్ థీసిస్‌లో అదే తర్కాన్ని విద్యుత్ స్విచ్చుల సర్క్యూట్లకి అన్వయించాడు. ఈనాటి కంప్యూటర్ల డిజైన్‌కి అది పునాది. ఇటువైపు మన చరిత్రకారుడు డి.డి. కోశాంబి గారు గణితం ప్రొఫెసరు. నాణేలు చేతులు మారేకొద్దీ అరిగి బరువు తగ్గుతాయి కదా, ప్రాచీన వెండి నాణేలను తూచి, ఆ అరుగుదలకి స్టాటిస్టిక్స్ వేసి చరిత్ర రాబట్టారు. ఆ పని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. నువ్వు చదవబోయే హిస్టరీలో ఇదంతా ఉంది.

కాబట్టి నా మాట విని మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ తీసుకో. సైకాలజీ వాళ్ళదో సోషియాలజీ వాళ్ళదో దొరికితే ఇంకా మంచిది, మనుషుల లెక్కలతోనే నేర్పుతారు. లాజిక్ కోసం ఫిలాసఫీ డిపార్ట్‌మెంటులో వెతుకు. నువ్వు ఏ కాలం చరిత్ర చదవాలనుకుంటున్నావో ఆ కాలపు కాగితాలు ఏ భాషలో ఉన్నాయో కనుక్కుని, ఆ భాష ఇప్పుడే మొదలుపెట్టు. మార్కులు తగ్గుతాయని బెంగగా ఉంటే, గ్రేడు లేకుండా పాస్, ఫెయిల్ పద్ధతిలో తీసుకునే వీలుందేమో ఆఫీసులో అడుగు. కొన్నిచోట్ల ఉంటుంది.

నీకు లెక్కలు రావని స్కూల్లో ఎవరో అన్నారని ఇన్నేళ్ళూ అదే పట్టుకుని కూర్చున్నావు. నాకు కోపం నీ మీద కాదు, ఆ మాట అన్నవాళ్ళ మీద. చిన్నప్పుడు క్యాలెండర్ చూడకుండా ఏ తేదీ ఏ వారమో చెప్పేదానివి, గుర్తుందా? అది లెక్క కాక మరేమిటి? అర్థం కాకపోతే ప్రొఫెసర్ గదికి వెళ్ళి అడుగు. విద్యార్థులకోసమే కేటాయించిన గంటలు ఉంటాయి, ఎవరూ రాక ఖాళీగా కూర్చునే వాళ్ళే ఎక్కువ. మొదటి వారమే వెళ్ళు, పరీక్షల ముందు కాదు.

ఫారం సబ్మిట్ చేసే ముందు నీ కోర్సుల లిస్టు నాకు పంపు. ఏ కోర్సు ఎందుకు పెట్టుకున్నావో ఒక్కో ముక్క రాయి. మీ అమ్మకీ చూపించు, తనతో కూర్చుని చూడు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ