వెన్ను ఆపరేషన్: నడుము కోసమా, కాలి కోసమా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బట్టల దుకాణం నడుపుతాను. ఐదు వారాలుగా ఎడమ పిరుదు నుంచి పిక్క బయటి వైపుగా బొటనవేలి దాకా నొప్పి లాగేస్తోంది. దగ్గినా తుమ్మినా ప్రాణం పోతున్నట్టు ఉంటోంది. ఎమ్మారైలో ‘ఎల్4-ఎల్5 డిస్క్ ఎక్స్‌ట్రూజన్’ అని రాశారు. ఒక డాక్టరు వారంలో ఆపరేషన్ చేయించుకోమంటే, ఇంకొకరు ఆగి చూద్దామంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీ కాలి బలం సంగతి తేలాలి. గోడ పక్కన నిలబడి మడమల మీద పది అడుగులు వేయండి, తర్వాత మునివేళ్ల మీద వేయండి. ఎడమ బొటనవేలిని పైకి లేపి ఉంచి, ఇంట్లో ఎవరినైనా దాన్ని కిందికి నొక్కమనండి. కుడి వేలితో పోల్చి చూడండి. నడుములోని నాలుగు, ఐదో పూసల (ఎల్4-ఎల్5) మధ్య ఉండే మెత్తటి దిండు, అంటే డిస్క్, జారితే ఎక్కువగా నలిగేది ఎల్5 నరం. పాదాన్నీ బొటనవేలినీ పైకెత్తే బలం ప్రధానంగా దానిదే. అది దెబ్బతింటే నడకలో పాదం నేలకు తట్టుకుంటుంది, ఆ కాలి చెప్పు మాటిమాటికీ జారిపోతుంది. అలా ఉంటే, ముఖ్యంగా బలం రోజురోజుకూ తగ్గుతుంటే, ఆగి చూసే సలహా మీకు పనికిరాదు.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ పట్టు తప్పుతున్నా అది ఎమర్జెన్సీ. ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారి చూద్దామనుకుంటే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.

బలం బాగానే ఉండి నొప్పి ఒక్కటే బాధ అయితే నిర్ణయం మీ చేతిలోనే ఉంది. జారిన డిస్క్ ముక్కను చాలాసార్లు శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, కొద్దిగా ఉబ్బినదాని కన్నా బయటికి పొడుచుకొచ్చిన పెద్ద ముక్కే (మీ రిపోర్టులోని ‘ఎక్స్‌ట్రూజన్’ అదే) ఎక్కువగా కరుగుతుంది. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన కాలి నొప్పి ఉన్న 283 మందిపై నెదర్లాండ్స్‌లో చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావారిని ఆగమన్నారు. ఆపరేషన్ వారు సుమారు 4 వారాల్లో కోలుకుంటే, ఆగినవారికి 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. అయితే ఆగమన్నవారిలో నూటికి 39 మంది నొప్పి భరించలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే మీరు ఆపరేషన్‌తో ప్రధానంగా కొనుక్కునేది సమయం. దుకాణం మూతపడి ఇల్లు గడవని పరిస్థితా, మరో నెలన్నర నెట్టుకురాగలరా అన్నది డాక్టరు కన్నా మీకే బాగా తెలుసు.

ఆగేటప్పుడు మంచం పట్టకండి. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే నడుము ఇంకా బిగుసుకుంటుంది. నొప్పి మాత్రలు వారాల తరబడి సొంతంగా వేసుకుంటే కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి. నరం దగ్గర ఇచ్చే స్టిరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇవ్వవచ్చు. అది డిస్క్‌ను సరిచేయదు, మీరు ఆగడానికి వెసులుబాటు ఇస్తుంది, అంతే.

ఇంకో సంగతి. ఎమ్మారైలో నరం ఎడమ వైపే నలిగినట్టు ఉందా అని తప్పక అడగండి. నొప్పి ఎడమ కాలిలో, ఒత్తిడి కుడి వైపు అయితే ఆ ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. నాలుగేళ్లుగా నడుము నొప్పి. కాళ్లలోకి దిగదు. స్కానింగ్‌లో మూడు చోట్ల డిస్క్ బల్జ్ అన్నారు. రాడ్లు, స్క్రూలు వేస్తే నయమవుతుందంటున్నారు. చేయించుకోనా?
– ఒక సోదరి, నంద్యాల

జవాబు: మీరు రాసినంత వరకు చూస్తే తొందరపడొద్దమ్మా. ఏ నొప్పీ లేనివారి స్కాన్లను పరిశీలించి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, 20 ఏళ్లవారిలో నూటికి 30 మందికి, 50 ఏళ్లవారిలో 60 మందికి డిస్క్ బల్జ్, అంటే డిస్క్ కాస్త ఉబ్బడం, ఉంది. జుట్టు నెరిసినట్టే ఇదీ. ఆ మూడింటిలో మీ నొప్పికి కారణం ఏదో, అసలు ఏదైనా ఉందో లేదో ఎమ్మారై చెప్పలేదు.

‘స్క్రూలు వేసి ఏ పూసల కదలికను ఆపుతారు?’ అని సూటిగా అడగండి. నిలబడి ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి ఎక్స్‌రేలు తీయిస్తే పూస నిజంగా జారుతోందో లేదో తెలుస్తుంది. జారుడు ఉంటే లెక్క వేరు. కదలిక ఏమీ లేకుండా నడుము నొప్పి ఒక్కదానికే స్క్రూలతో పూసలను అతికిస్తే ఫలితం నమ్మకంగా చెప్పలేం. పైగా అతికించిన పూసల పైదాని మీద, కిందిదాని మీద భారం పెరుగుతుంది.

రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వెంటనే చెప్పండి. మన దగ్గర వెన్నుపూసల టీబీ అరుదేం కాదు. అది చాలావరకు నెలల తరబడి మందులతోనే నయమవుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. వంద మీటర్లు నడిచేసరికి రెండు పిక్కలూ పట్టేస్తాయి. ఏదైనా అరుగు మీద కూర్చుంటే తగ్గుతుంది. సైకిల్ మాత్రం హాయిగా తొక్కుతారు. కెనాల్ స్టెనోసిస్ అన్నారు. ఈ వయసులో ఆపరేషన్ తట్టుకుంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు స్టెనోసిస్‌కు, అంటే వెన్నులో నరాల దారి ఇరుకవడానికి, సరిగ్గా సరిపోతాయి. ముందుకు వంగితే నరాల దారి కాస్త వెడల్పవుతుంది, అందుకే సైకిల్ ఇబ్బంది పెట్టదు. అయితే ఆయనకు షుగర్ ఉంది కాబట్టి కాలి రక్తనాళాలు పూడుకుపోలేదని పాదాల దగ్గర నాడి చూపించి నిర్ధారించుకోండి. రక్తనాళాల నొప్పి ఊరికే నిలబడినా తగ్గుతుంది. స్టెనోసిస్ నొప్పి తగ్గాలంటే కూర్చోవాలి లేదా వంగాలి.

వయసొక్కటే అడ్డు కాదు. గుండె, కిడ్నీలు, షుగర్ అదుపే ముఖ్యం. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 8 దాటి ఉంటే ముందు దాన్ని దించండి, లేకపోతే గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. గుండెకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, ఎన్ని రోజుల ముందు ఆపాలో హృద్రోగ డాక్టరే చెప్పాలి.

నరాల మీద పెరిగిన ఎముకను, దళసరి అయిన లిగమెంటును (పూసలను కలిపి ఉంచే పట్టీని) తీసేస్తే చాలాసార్లు సరిపోతుంది. దానికి తోడు స్క్రూలు బిగించినందువల్ల అదనపు లాభం కనబడలేదని 2016లో స్వీడన్ అధ్యయనం తేల్చింది. ఇక ఫలితం సంగతి. నడిచే దూరం బాగా పెరగవచ్చు, పిక్కల నొప్పి తగ్గవచ్చు. అరికాళ్ల తిమ్మిరి, మంట షుగర్ వల్ల వచ్చినవైతే వెన్ను ఆపరేషన్‌తో పోవు. ఇది ముందే నాన్నగారికి చెప్పండి. తర్వాత ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అని బాధపడేవారిలో చాలామంది ఈ సంగతి తెలియనివారే.

ప్రశ్న: ఆటో నడుపుతాను. వచ్చే వారం మైక్రోడిసెక్టమీ. కాళ్లు పడిపోతాయని అందరూ భయపెడుతున్నారు. లేజర్ మేలా? ఎన్నాళ్లకు బండి ఎక్కవచ్చు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నడుము దగ్గర వెన్నుపాము ఉండదు, అది అంతకు పైనే ముగుస్తుంది. మైక్రోడిసెక్టమీలో మీకు తీసేది నరానికి ఆనుకున్న డిస్క్ ముక్క. నరం దెబ్బతినడం అసాధ్యమని అనను, కానీ అరుదు. లేజర్ అన్న మాట బోర్డు మీద బాగా మెరుస్తుంది గానీ తెగి జారిన ముక్కను అది బయటికి తీయలేదు. ఎండోస్కోపీతో, అంటే సన్నని గొట్టంలోంచి కెమెరాతో చూస్తూ చేస్తే, గాటు చిన్నదవుతుంది. నరం మీద ఒత్తిడి పూర్తిగా తొలగిందా అన్నదే అసలు లెక్క.

సాధారణంగా అదే రోజో మర్నాడో నడిపిస్తారు. కాలి నొప్పి చాలామందికి మెలకువ రాగానే తగ్గుతుంది. తిమ్మిరి నెలలు పట్టవచ్చు, పోయిన బలం తిరిగి రావడానికి ఏడాది దాకా పట్టవచ్చు. రెండో వారంలో కాస్త లాగినట్టు నొప్పి తిరగబెట్టడం మామూలే. నరాల చుట్టూ ఉండే పొర ఆపరేషన్‌లో చిరిగితే అక్కడికక్కడే కుట్టి, అవసరమైతే ఒకటి రెండు రోజులు వెల్లకిలా పడుకోబెడతారు.

ఆరు వారాలు నేల మీద కూర్చోవడం, వంగి బరువెత్తడం వద్దు. నిండు బిందె దాదాపు పదిహేను కిలోలు, మీకు రెండు కిలోలే హద్దు. నేల మీది మరుగుదొడ్డి అయితే కుర్చీ కమోడ్ ముందే కొని పెట్టుకోండి. కూర్చుని చేసే పనికి రెండు నుంచి నాలుగు వారాలు చాలు. ఆటోలో మాత్రం గంటల తరబడి కుదుపు కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగండి. మొదట్లో అరగంటకోసారి దిగి నాలుగడుగులు వేయండి. పొగతాగే అలవాటుంటే ఇప్పుడే మానండి, గాయం మానడానికి అది అడ్డు. అదే చోట డిస్క్ మళ్లీ జారే అవకాశం నూటికి 5 నుంచి 15 మందికి ఉంటుంది, తొలి నెలల్లో ఎక్కువ. గాయం నుంచి చీము లేదా నీళ్లు కారినా, రెండు మూడు వారాల తర్వాత జ్వరంతో నడుము నొప్పి పెరిగినా కుట్లు విప్పే తేదీ దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన డాక్టరుకే చూపించండి.