మిలన్‌కి ఏ బండిలో తీసుకెళ్ళాలంటే

చిరంజీవి అబ్బాయికి,
మీ పిన్ని ఆశీస్సులు.

నిన్న అక్క ఫోన్ చేసింది. వీసాలు వచ్చేశాయనీ, మే నెలలో వస్తున్నామనీ, జూరిక్‌లో నీ దగ్గర ఉండి మధ్యలో ఇటలీ వెళ్ళి మిలన్ చూసొస్తామనీ ఒకటే సంబరం. నువ్వేమో వాళ్ళని ఏ బండిలో తీసుకెళ్ళాలా అని టెన్షన్ పడుతున్నావట. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను, ఆ దారిలో ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే ఉత్తరం.

విమానం ఊసెత్తకు. గాల్లో ఉండేది గంట లోపే కానీ, మాల్పెన్సా ఎయిర్‌పోర్టు మిలన్ ఊరికి దాదాపు 50 కిలోమీటర్ల దూరం. సెక్యూరిటీ, ఎదురుచూపులు, మళ్ళీ ఊళ్ళోకి ఇంకో బండి, అన్నీ కలిపితే పూట గడిచిపోతుంది. బస్సు చవకే. కానీ మీ అమ్మ మోకాళ్ళు అంతసేపు ముడుచుకుని కూర్చోనివ్వవు.

ఇక రైలు. నువ్వు యాప్‌లో వెతికితే ముందు కనిపించేది యూరోసిటీ. జూరిక్ మెయిన్ స్టేషన్‌లో ఎక్కితే ఎక్కడా మారక్కర్లేదు, మూడుంపావు గంటల్లో మిలన్ సెంట్రాలె స్టేషన్‌లో దింపుతుంది. మంచి బండి, భోజనాల బోగీ కూడా ఉంటుంది. ఎవరినడిగినా ఇదే ఎక్కమంటారు. నేనూ అలాగే అనుకుని 2018లో మీ అమ్మమ్మని ఇదే బండి ఎక్కించాను.

ఆ రోజు సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. ఇండియా నుంచి వచ్చి మూడు రోజులే అయింది, అమ్మకి ఇంకా నిద్ర కుదురుకోలేదు. బండి కదలగానే కిటికీకి తల ఆనించి నిద్రలోకి జారుకుంది. త్సుగ్ సరస్సు పోయింది, ఆ తర్వాత కొండల మధ్య ఊర్నర్ సరస్సు పోయింది. అలసిపోయింది కదా, మంచుకొండలు రాగానే లేపుదాంలే అని ఊరుకున్నాను. లేచేసరికి బయట చిమ్మచీకటి. గొట్టార్డ్ బేస్ సొరంగంలో ఉన్నాం. 57 కిలోమీటర్లు, ప్రపంచంలో అంత పొడవైన రైలు సొరంగం ఇంకొకటి లేదు. ఆల్ప్స్ కొండల కిందనుంచి తిన్నగా తవ్వారు, 2016లో తెరిచారు. బండి దాన్ని దాటడానికి ఇరవై నిమిషాల దాకా పట్టింది. అమ్మ అద్దంలో తన ముఖం చూసుకుంటూ, "కొండలు ఎప్పుడొస్తాయే?" అంది. వాటి కిందే పోతున్నాం అని చెప్పలేకపోయాను. అవతల వెలుగులోకి వచ్చేసరికి పెద్ద కొండలు వెనకబడ్డాయి. ఆవిడ మళ్ళీ ఇక్కడికి రాలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

అందుకే చెబుతున్నా, పోయేటప్పుడు ఆ బండి వద్దు.

పాత గొట్టార్డ్ దారి ఇంకా ఉంది, 1882 నాటిది. కొండెక్కుతూ మెలికలు తిరుగుతుంది, వాసెన్ ఊరి చర్చి మూడుసార్లు మూడు ఎత్తుల్లో కనిపిస్తుంది. రాగిరంగు బండి ఆ దారిలో బెల్లింజోనా ఊరి వైపు వెళ్తుంది, మిలన్‌కి మాత్రం మధ్యలో బండి మారాలి. నువ్వు ఒక్కడివే వెళ్ళేటప్పుడు చూద్దువుగాని.

మీ నాన్నకి నేను చూపించమనేది మూడో దారి. వాల్తేరు రైల్వే డివిజన్‌లో, కేకే (కొత్తవలస-కిరండుల్) లైన్ మీద జీవితమంతా గడిపిన మనిషి ఆయన. అరకు దారిలో ఏ సొరంగం తర్వాత ఏ వంతెనో కళ్ళు మూసుకుని చెబుతారు. అలాంటి మనిషిని కొండ కింద చీకట్లో తీసుకెళ్తావా?

జూరిక్ నుంచి కూర్ అనే ఊరి దాకా మామూలు బండి, గంటంపావు. కూర్‌లో బెర్నీనా ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఎర్రటి మీటర్ గేజి బండి, పైదాకా వంగిన పెద్ద పెద్ద అద్దాలు. నాలుగు గంటల్లో ఇటలీ సరిహద్దు దాటి తిరానోలో దింపుతుంది. ఆ నాలుగు గంటల్లో 55 సొరంగాలు, 196 వంతెనలు. ఈ లైనుని 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లాండ్‌వాసర్ వంతెన 65 మీటర్ల ఎత్తున వంపు తిరుగుతూ పోయి, నిట్టనిలువు కొండ గోడలో ఉన్న సొరంగంలోకి దూరుతుంది. వంపు కాబట్టి కిటికీ దగ్గర కూర్చుంటే మన బండి ముందు పెట్టెలే వంతెన మీద కనిపిస్తాయి. తిరానో వైపు పోయేటప్పుడు కుడివైపు సీట్లే తీసుకో, లాండ్‌వాసరూ లాగో బియాంకో సరస్సూ అటే కనిపిస్తాయి.

అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఓస్పిత్సియో బెర్నీనా, 2,253 మీటర్లు. దాదాపు ఊటీ ఎత్తే. అక్కకి బీపీ ఉంది కదా, డాక్టర్‌ని ఒకమాట అడిగి ఉంచమను. ఊటీ బండికి నిటారుగా ఎక్కేచోట, జారకుండా పట్టుకోవడానికి మధ్యలో పళ్ళున్న పట్టా ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. పద్నాలుగు అడుగులకి ఒక అడుగు చొప్పున ఎత్తు, అయినా ఉత్త చక్రాల పట్టుతోనే ఎక్కి దిగుతుంది. ఈ ముక్క బావగారికి చెప్పు, రాత్రి నిద్రపోరు.

ఒకే రోజులో మిలన్ చేరాలనుకోకు. కూర్, తిరానో రెండుచోట్లా మారాలి, తిరానో నుంచి మిలన్‌కి ఇంకో రెండున్నర గంటలు. మధ్యలో ఆగే సమయం కూడా కలిపితే ఎనిమిది గంటలు దాటొచ్చు. తిరానోలో రాత్రి పడుకోండి, చిన్న ఊరు, ప్రశాంతంగా ఉంటుంది. ఇటలీ స్టేషన్ ఎర్రబండి స్టేషన్‌కి పక్కనే. మర్నాడు పొద్దున మిలన్ బండిలో కూడా కుడివైపే కూర్చోండి, కోమో సరస్సు చాలాసేపు పక్కనే వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం యూరోసిటీయే ఎక్కించు. అప్పటికి అలసిపోయి ఉంటారు, సొరంగంలో నిద్రపోయినా పోయేదేం లేదు.

టికెట్ల దగ్గర జాగ్రత్త. బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ వేరు, సీటు రిజర్వేషన్ డబ్బు వేరు. రిజర్వేషన్ లేకుండా ఎక్కనివ్వరు. మే నెలంటే ఇప్పుడే చేసెయ్. దొరక్కపోతే దిగులు పడకు, అవే పట్టాల మీద మామూలు లోకల్ బండ్లు కూడా నడుస్తాయి, వాటికి రిజర్వేషన్ అక్కర్లేదు. కొన్ని పెట్టెల్లో కిటికీ దింపుకోవచ్చు, ఫొటోలకి అదే మేలు. కాకపోతే మధ్యలో బండి మారాలి, అక్క కోసమే నేను ఎక్స్‌ప్రెస్ అంటున్నాను. టూరిస్టులకి నెల రోజులు చెల్లే హాఫ్ ఫేర్ కార్డు, స్విస్ ట్రావెల్ పాస్, ఈ రెండిట్లో ఏది గిట్టుబాటో మీరు తిరిగే రోజులు లెక్కేసి చూడు. పాస్ తిరానో దాకా చెల్లుతుంది, అక్కడినుంచి ఇటలీ టికెట్ కొనాలి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు స్టేషన్‌లోని మెషిన్‌లో ముద్ర వేయించడం మర్చిపోకు. టికెట్ చేతిలో ఉన్నా ముద్ర లేదని జరిమానా కట్టినవాళ్ళని నేను చూశాను. తిరుగు ప్రయాణం యూరోసిటీకి కూడా సీటు రిజర్వేషన్ తప్పనిసరి.

ఇటలీలో రైలు సమ్మెలు మామూలే. స్టేషన్ బోర్డు మీద "షోపెరో" అన్న మాట కనిపిస్తే సమ్మె అని అర్థం. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని లోకల్ బండ్లు తప్పక నడపాలని రూలుంది. బయల్దేరే ముందురోజు చూసుకో.

రెండు దేశాలకీ ఒకే షెంజెన్ వీసా చాలు. అయినా సరిహద్దులో ఒక్కోసారి పోలీసులు ఎక్కి అడుగుతారు. పాస్‌పోర్టులు పెద్ద బ్యాగు అడుగున కాకుండా అక్క చేతిసంచిలో ఉండాలి, మాత్రలు కూడా అందులోనే. ఇండియా నుంచి తెచ్చిన పెద్ద సూట్‌కేసులు నీ ఇంట్లోనే వదిలేసి, ముగ్గురికీ తలా ఒక చిన్న బ్యాగు చాలు. ఎర్రబండిలో మనవాళ్ళు తినే భోజనం ఏమీ దొరకదు. పులిహోర నేను కలిపి తెస్తాను, పెరుగు మాత్రం నువ్వు కొను.

తిరానోకి కాస్త ముందు బ్రూసియో అనే ఊరొస్తుంది. అక్కడ ఆరుబయట, తొమ్మిది కమానుల వంతెన మీద బండి గుండ్రంగా చుట్టు తిరుగుతూ దిగి, ఆ వంతెన కిందనుంచే దూరి పోతుంది. ఈ సంగతి మాత్రం మీ నాన్నకి ముందు చెప్పకు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఊరుకో.

తేదీలు ఖాయమవగానే ఫోన్ చెయ్యి.

మీ పిన్ని